ఎసరు కాగనివ్వండి

మూడు నెలలకోసారి ఈ పేజీలో నేను రాసేవి డిపాజిట్లు, నామినేషన్లు, వీలునామాల సంగతులు. ఈసారి గుర్రం గురించి రాస్తానంటే మా సంపాదకులు నవ్వి, "లోను మీద కొన్నారా ఏమిటి?" అన్నారు. కొనలేదు. కానీ గుర్రం విషయంలో నేనొక తప్పు చేశాను. దాని ఖరీదు మా చిన్నమ్మాయి చెల్లించింది. పిల్లల్ని ఈతకో, ఆటకో, సంగీతానికో, స్వారీకో తీసుకెళ్ళి పక్కన వాచీ చూసుకుంటూ నిలబడే తండ్రులు మనలో చాలామందే ఉన్నారు. వాళ్ళ కోసం ఈ నాలుగు మాటలు.

మా అమ్మాయికి పద్నాలుగేళ్ళు. చిన్నప్పటి నుంచీ గుర్రాల పిచ్చి. బెంగళూరు వాడైన ఫవాద్ మీర్జా 2018 ఆసియా క్రీడల్లో గుర్రపు స్వారీలో వెండి పతకం తెచ్చాడని తెలిసినప్పటి నుంచీ అది ముదిరింది. ఊరికి ఉత్తరాన, దేవనహళ్ళి రోడ్డు వైపు ఉన్న ఒక స్వారీ బడిలో చేర్పించాను. ఆదివారం ఉదయం ఆరున్నరకు పాఠం. పాఠం నలభై అయిదు నిమిషాలు. ఫీజు సంగతి చెప్పను గానీ, నిమిషానికి ఎంత పడుతుందో మొదటి రోజే లెక్క వేశాను. కామర్స్ చదివినవాడి జబ్బు అది.

ఆ లెక్కే నన్ను దెబ్బతీసింది.

అక్కడ నేర్పే ఉస్తాద్ సైన్యంలో దఫేదారుగా చేసి రిటైరైన మనిషి. ఆయన పద్ధతి ఒకటే. అమ్మాయి గుర్రం ఎక్కగానే పగ్గాలు వదులుగా పట్టుకుని, మైదానం చుట్టూ ఉత్త నడక నడిపించాలి. ఒక చుట్టు, రెండు చుట్లు, పది నిమిషాలు! తర్వాత పెద్ద పెద్ద వలయాల్లో మెల్లగా ట్రాట్. ఒకసారి ఎడమ వైపు తిరిగితే ఒకసారి కుడి వైపు. అసలు పాఠం, అంటే వాళ్ళు స్కూలింగ్ అనేది, మొదలయ్యేసరికి పదిహేను, ఇరవై నిమిషాలు అయిపోయేవి. చిన్న వలయాలు తిప్పడం, నడకలోంచి పరుగులోకి, పరుగులోంచి నడకలోకి శుభ్రంగా మార్చడం, గుర్రాన్ని వాలుగా పక్కకు నడిపించడం, ఇవన్నీ ఆ స్కూలింగులోకి వస్తాయి. గుర్రానికీ, ఎక్కినవారికీ కలిపి జరిగే చదువన్నమాట. "ఫీజులో మూడో వంతు ఊరికే నడవడానికే పోతోంది" అని నేను మా ఆవిడతో అనేవాణ్ణి. ఒకసారి ఉస్తాద్‌తోనూ అన్నాను. ఆయన నవ్వి, గుర్రానికి ఫీజు సంగతి తెలియదు సాబ్ అని హిందీలో జవాబిచ్చి, తన పని తాను చూసుకున్నాడు.

అమ్మాయి ఎక్కే గుర్రం పేరు రాజా. ఒకప్పుడు రేసుల్లో పరుగెత్తి, వయసు మళ్ళాక ఇక్కడికి చేరిన ఎర్ర గుర్రం. ఇలాంటి బడుల్లో చాలా గుర్రాలు అలా వచ్చినవే. దాన్ని చూసుకునే అతను ముళబాగిలు దగ్గర పల్లెవాడు. కోలారు సీమ తెలుగు మాట్లాడతాడు. నేను తెలుగువాణ్ణని తెలిసిన రోజు నుంచీ నన్ను "సామీ" అంటాడు.

ఇక ఆ రోజు సంగతి. డిసెంబరు నెల. బంగాళాఖాతంలో వాయుగుండం పడి, శుక్ర శనివారాలు బెంగళూరులో ఒకటే ముసురు. మైదానం తడిసిపోవడంతో రెండు రోజులు గుర్రాలను బయటికి తీయలేదట. ఆదివారం వాన వెలిసింది కానీ చలి మాత్రం ఎముకలు కొరికేస్తోంది. హెబ్బాళ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని మేము ఇరవై నిమిషాలు ఆలస్యంగా చేరాం. ఉస్తాద్ సెలవు మీద ఊరికి వెళ్ళాడు. ఆయన శిష్యుడు, ఇరవై రెండేళ్ళ కుర్రవాడు, పాఠం చెప్పాలి.

"మిగిలింది ఇరవై అయిదు నిమిషాలే. నడకలూ గిడకలూ ఇవాళ వద్దు, నేరుగా పాఠంలోకి వెళ్ళండి" అన్నాను. కుర్రవాడు తటపటాయించాడు. మా గుర్రాలతను కూడా, "రెండు దినాలు నిలబడే ఉండాది సామీ, రవ్వంత తిప్పి ఎక్కిస్తాం" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. బ్యాంకు కౌంటరు వెనుక ముప్పై ఏళ్ళుగా వాడిన గొంతు వాడాను. కుర్రవాడు లొంగిపోయాడు.

జీను వేసి నడికట్టును ఒక్కసారే బిగించారు. అమ్మాయి ఎక్కింది. రెండు అడుగులు వేయగానే ట్రాట్ చేయించాడు. రాజా వీపు బిగబట్టుకుని, అడుగులు పొట్టిగా వేస్తూ, చెవులు వెనక్కి పెట్టుకుని పోతోంది. నాకది కనిపించింది గానీ అర్థం కాలేదు. అర చుట్టు తిరగగానే కాంటర్ అడగమన్నాడు. అమ్మాయి మడమ తాకించిందో లేదో, గుర్రం తల కిందికి దించి, వీపు విల్లులా వంచి, వెనుక కాళ్ళు గాలిలోకి విసిరింది. రెండోసారికి అమ్మాయి నేల మీద ఉంది.

హెల్మెట్ ఉంది కాబట్టి తలకు ఏమీ కాలేదు. ఎడమ వైపు కాలర్ ఎముక విరిగింది. ఆరు వారాలు చేయి మెడకు కట్టుకుని తిరిగింది. స్వారీ మాత్రం మూడు నెలలు వద్దన్నాడు డాక్టరు.

ఆసుపత్రి నుంచి వస్తూ దారి పొడవునా మా ఆవిడ ఒక్క మాట మాట్లాడలేదు. ఇంటికి చేరాక మాత్రం, "ఇక గుర్రాల పేరెత్తవద్దు" అంది. చూడవచ్చిన బంధువులంతా పాడు గుర్రం, పొగరు గుర్రం అని తిట్టారు. నేనూ తల ఊపాను. అమ్మాయి అన్నీ వింటూ పడుకుని ఉండి, నాలుగో రోజు రాత్రి అడిగింది: "రాజాను అమ్మేస్తారా నాన్నా?"

మరునాడు ఫోన్ చేస్తే తెలిసింది. పిల్లలకు పనికిరాని గుర్రమని రాసి దాన్ని పంపించేసే ఆలోచనలో ఉన్నారట. శిష్యుణ్ణి కూడా పనిలోంచి తీసేసే మాట వినబడింది.

బ్యాంకులో ఒక అప్పు పాడైతే మేము ముందుగా అడిగేది "తీసుకున్నవాడు ఎలాంటివాడు" అని కాదు, "శాంక్షన్ చేసిందెవరు?" అని. ఆ రాత్రి నన్ను నేను అదే ప్రశ్న వేసుకున్నాను. జవాబు తెలియడానికి ఎక్కువసేపు పట్టలేదు.

ఆదివారం ఒంటరిగా వెళ్ళాను. ఉస్తాద్ తిరిగి వచ్చాడు. నన్ను ఒక్క మాట అనలేదు, అదే ఎక్కువ బాధించింది. మా కోలారు మనిషి నన్ను లాయంలోకి తీసుకెళ్ళి, "చెయ్యి పెట్టి చూడండి సామీ" అని రాజా వీపు మీద, జీను కూర్చునే చోట నా అరచేయి ఉంచాడు. వెన్ను పక్కన కండ చెక్కలా బిగిసి ఉంది. తర్వాత దాన్ని బయటికి తీసి, పగ్గం పట్టుకుని పదిహేను నిమిషాలు నడిపించాడు. నేనూ వెంట నడిచాను. మొదట్లో మెడ ఎత్తి పెట్టుకుని నడిచిన గుర్రం క్రమంగా తల దించింది. ఒకసారి ముక్కుతో "బుర్ర్" మని ఊపిరి వదిలింది. తోక అటూ ఇటూ మెత్తగా ఊగడం మొదలైంది. "ఇప్పుడు పెట్టండి" అన్నాడు. అదే చోటు, అదే చేయి. కండ కింద కదలిక తెలుస్తోంది, వెచ్చగా, మెత్తగా.

అప్పుడతను అన్న మాట: "మా ఊర్లో రాగి ముద్ద చేస్తారు కదా సామీ, ఎసరు కాగకముందే పిండి పోస్తే గడ్డలు కడతాది. ఎంత గెలికినా పోవు. తప్పు పిండిది కాదు కదా."

ఆ తర్వాత ఉస్తాద్‌నూ, గుర్రాల వైద్యుణ్ణీ అడిగి, నాలుగు పుస్తకాలు తిరగేసి తెలుసుకున్నవి ఇక్కడ రాస్తున్నాను.

స్వేచ్ఛగా వదిలిన గుర్రం రోజులో సగానికి పైగా మేస్తూ, అడుగులో అడుగు వేస్తూ కదులుతూనే ఉంటుంది. దాని శరీరం అందుకోసం తయారైంది. లాయంలో కట్టిన గుర్రం మాత్రం ఇరవై రెండు, ఇరవై మూడు గంటలు ఒకే చోట నిలబడుతుంది. అలా నిలబడి ఉన్నప్పుడు దాని గుండె నిమిషానికి 30, 40 సార్లు మాత్రమే కొట్టుకుంటుంది. గట్టిగా పరుగెత్తేటప్పుడు ఆ సంఖ్య 200 దాటిపోతుంది. ఇంత తేడాకు శరీరం సిద్ధం కావాలంటే కొంత వ్యవధి కావాలి. విశ్రాంతిలో కండరాలకు వెళ్ళే రక్తం తక్కువ. పని మొదలైతేనే ఆ దారులు తెరుచుకుంటాయి. గుర్రం ప్లీహంలో ఎర్ర రక్తకణాల నిల్వ ఒకటి ఉంటుంది. పని పెరిగేకొద్దీ ఆ నిల్వ రక్తంలోకి విడుదలవుతుంది. మా భాషలో చెప్పాలంటే అది రిజర్వు ఫండు. కీళ్ళ మధ్య జిగురు ద్రవం కూడా కదలికతోనే కీలంతటా పరుచుకుంటుంది.

ఇంకొక విషయం నాకు వింతగా తోచింది. మనకున్నట్టు గుర్రానికి కాలర్ ఎముక లేదు. దాని ముందరి కాళ్ళు ఏ ఎముకతోనూ మొండేనికి అతుక్కుని ఉండవు. ఉయ్యాల తాళ్ళలాంటి కండరాలే ఛాతీని రెండు కాళ్ళ మధ్య మోస్తాయి. ఆ కండరాలు బిగిసి ఉండగా మీద మనిషి బరువు పడితే, దానికి ఎంత ఇబ్బందో ఊహించవచ్చు. కాలర్ ఎముక లేని జీవి ఇబ్బందిని నేను పట్టించుకోకపోతే, కాలర్ ఎముక ఉన్న నా బిడ్డకు అది విరిగింది.

చల్లబడిన వీపు మీద జీను బిగించగానే కొన్ని గుర్రాలు నడుము ఎత్తి బిగబడతాయి. అందుకే నడికట్టును ఒక్కసారే లాగకూడదు. ముందు వదులుగా పెట్టి, నాలుగు అడుగులు నడిపించి ఒక రంధ్రం, ఎక్కేముందు ఇంకొకటి, ఎక్కి కొంతసేపు నడిచాక మరొకసారి సరిచూసుకోవాలి. రెండు రోజులు లాయంలోనే ఉన్న గుర్రమైతే, ఎక్కేముందు పగ్గం పట్టుకుని నడిపించడమో, పొడవాటి పట్టీ కట్టి పెద్ద వలయంలో మెల్లగా తిప్పడమో మంచిది.

ఎక్కిన తర్వాత మొదటి పది నిమిషాలు నడక. పగ్గాలు వదులుగా ఉంటే గుర్రం మెడను ముందుకూ కిందికీ చాచుకుంటుంది. అలా తల దించినప్పుడు మెడ పైభాగంలో ఉన్న బలమైన కట్టు సాగి, వెన్నును పైకి లాగుతుంది. వీపు పైకి లేస్తేనే అది మనిషిని హాయిగా మోయగలదు. ఈ పది నిమిషాలూ బద్ధకంగా ఈడ్చుకుంటూ నడవకూడదు, చురుకుగా సాగాలి.

తర్వాత ట్రాట్. నడకలో నాలుగు అడుగుల చప్పుడు విడివిడిగా వినబడుతుంది. ట్రాట్‌లో కాళ్ళు ఐమూలగా జతలుగా పడతాయి కాబట్టి రెండే చప్పుళ్ళు. కాంటర్‌లో మూడు. చిన్నప్పుడు మా తాతగారు నా చేత అమరకోశం వల్లె వేయించేవారు. అందులో గుర్రపు గతులు ఐదింటికి ఐదు పేర్లు ఉన్నాయి. ఆ పేర్లు నోటికి వచ్చాయి గానీ, గతి అంటే ఏమిటో ఈ వయసులో కంచె పక్కన నిలబడితేగాని తెలియలేదు. ట్రాట్ చేసేటప్పుడు ఎక్కినవారు జీను మీద లేస్తూ కూర్చుంటూ ఉంటే గుర్రం వీపుకు భారం తగ్గుతుంది. వలయాలు పెద్దవిగా, 20 మీటర్ల వెడల్పున ఉండాలి. చిన్న వలయంలో శరీరం ఎక్కువ వంగాలి, బిగిసిన కండకు అది శిక్ష. దిక్కు తరచుగా మార్చాలి. మనలో కుడిచేతి వాటం, ఎడమచేతి వాటం ఉన్నట్టే గుర్రానికీ ఒక వైపు సులువు, ఒక వైపు కష్టం. సులువైన వైపు ముందు మొదలుపెట్టి, రెండో వైపును మరిచిపోకుండా చేయించాలి.

ఆపైన రెండు వైపులా కొంచెం కాంటర్, మళ్ళీ కాస్త నడక. అప్పుడు పగ్గాలు మెల్లగా దగ్గరికి తీసుకుని పాఠం మొదలుపెట్టాలి.

ఇదంతా ఎన్ని నిమిషాలు అంటే, మామూలుగా పదిహేను, ఇరవై. అయితే వాచీ ఒక్కటే చాలదు, గుర్రాన్ని చూడాలి. అడుగు పొడవు పెరిగిందా? చెవులు బిగుసుకోకుండా కదులుతున్నాయా? తోక ఊగుతోందా? ముక్కుతో ఊపిరి వదిలిందా? కళ్ళెం మీద నోరు మెత్తగా కదుపుతోందా? ఇవన్నీ అవునంటే ఎసరు కాగినట్టు. ముసలి గుర్రానికి, చలి రోజున, సెలవు తర్వాత ఎక్కువ సమయం కావాలి. చెన్నైలోనో, బరంపురంలోనో, యానాంలోనో మే నెల ఎండలో కండ త్వరగా వేడెక్కుతుంది. అక్కడ ట్రాట్ తగ్గించి, నీడలో నడక ఉంచుకుని, పని మొత్తమే తెల్లవారుజామునే ముగించాలి. పాఠం తర్వాత కూడా ఊపిరి నిదానించేదాకా నడిపించే లాయానికి చేర్చాలి.

2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో అనుష్ అగర్వల్లా, హృదయ్ ఛేడా, దివ్యకృతి సింగ్, సుదీప్తి హజేలా డ్రెస్సాజ్ జట్టు పోటీలో మన దేశానికి బంగారు పతకం తెచ్చారు. 1982 ఢిల్లీ క్రీడల తర్వాత, 41 ఏళ్ళకు గుర్రపు స్వారీలో మనకు వచ్చిన స్వర్ణం అది. టీవీలో మనం చూసేది ఒక్కో గుర్రం చేసిన కొద్ది నిమిషాల ప్రదర్శనే. దానికి ముందు పక్కనే ఉండే మరో మైదానంలో, వదులు పగ్గాలతో నడకతో మొదలుపెట్టి గుర్రాన్ని సిద్ధం చేసుకునే సమయం దానికి ఎన్నో రెట్లు. దానికి మార్కులు ఉండవు, కెమెరాలు పెద్దగా పట్టించుకోవు.

ఇది విన్నాక నాకు నవ్వు వచ్చింది. మా బ్రాంచిలో ఉదయం జరిగేది మాత్రం ఏమిటి? ఇద్దరు అధికారుల తాళం చెవులతో స్ట్రాంగు రూము తెరిచి, నగదు లెక్కపెట్టి, నిన్నటి నిల్వతో సరిచూసుకున్నాకే కదా కౌంటరు తెరుస్తాం! బయట ఖాతాదారులు వాచీ చూసుకుంటూ విసుక్కుంటారు. వాళ్ళను చూసి నేను ముప్పై ఏళ్ళు నవ్వుకున్నాను. ఇక్కడ కంచె బయట నేనూ ఆ క్యూలోని ఖాతాదారుణ్ణే.

ఆ వారమే బడి యాజమాన్యానికి ఒక ఉత్తరం రాశాను. తొందర పెట్టింది నేను, వద్దన్నవారి నోరు మూయించింది నేను, గుర్రానిదీ కుర్రవాడిదీ ఇందులో బాధ్యత లేదు అని సంతకం పెట్టి ఇచ్చాను. వైద్యుడు పరీక్షించి రాజా వీపులో రోగం ఏమీ లేదన్నాడు. గుర్రం ఉండిపోయింది. కుర్రవాడు కూడా ఉన్నాడు. ఉత్తరం నకలు అమ్మాయికి చూపించాను. చదివి మడిచి తన పుస్తకంలో పెట్టుకుంది, ఏమీ అనలేదు. మా ఆవిడ ఒప్పుకోవడానికి మాత్రం ఇంకో నెల పట్టింది.

మార్చి చివర అమ్మాయి మళ్ళీ ఎక్కింది. ముందు తానే రాజా వీపు మీద అరచేయి పెట్టి కాసేపు నిలబడింది. చేతులు వణకడం దూరం నుంచే కనబడింది. వదులు పగ్గాలతో ఒక చుట్టు, రెండు చుట్లు. నాలుగో చుట్టుకు గుర్రం మెడ దించింది. దాంతోపాటే మా అమ్మాయి భుజాలు కూడా దిగాయి. ఆ పది నిమిషాలు గుర్రానికే అనుకున్నాను ఇన్నాళ్ళూ.

ఇప్పుడు ఆ నడక సేపు నేనూ కంచె బయట గుర్రంతో సమానంగా నడవడానికి ప్రయత్నిస్తాను. దాని అడుగు ముందు నా అడుగు ఎక్కడ చాలుతుంది! డాక్టరు నన్ను నడవమని చెప్పి ఎనిమిదేళ్ళయింది, ఆ బాకీ కూడా ఇలా తీరుతోంది.

మొన్న ఆదివారం మా కోలారు మనిషి నన్ను ఆటపట్టిస్తూ, "ఏమి సామీ, ఇరవై నిమిషాలయింది, ఇంకా పాఠం మొదలుకాలేదే!" అన్నాడు.

"ఉండవయ్యా, ఎసరు కాగుతోంది" అన్నాను.